టైర్ల పేరయ్య తాడు

ఆ షాపులో ఒంటి టైరు అమ్మరు. బోర్డు మీద అలా రాసి లేదు గానీ, కారు దిగి "ఒక్క టైరు కావాలండీ" అన్న ప్రతివాడికీ కాసేపట్లో తెలిసిపోతుంది. "దాని జోడీ ఎలా ఉంది?" అని అడుగుతాడు షాపాయన. జోడీ బాగానే ఉంది, పాడైంది ఒక్కటే అంటాడు వచ్చినవాడు. "బాగుందని మీరంటే సరిపోయిందా, చూడొద్దూ" అంటూ ఈయన లేచి, కారు పక్కన గొంతుక్కూర్చుని, అవతలి టైరు గాడిలో వేలు పెట్టి చూసి, తల అడ్డంగా ఊపుతాడు. ఆ ఊపు చూస్తే ఎంతటివాడికైనా గుండెలో రాయి పడాల్సిందే.

"అరిగినదాని పక్కన కొత్తది కడితే బండి ఒక పక్కకి లాగుతుంది. బ్రేకు వేస్తే ఒకటి ఆగుతుంది, ఇంకోటి ఆగనంటుంది. రెండూ మార్చుకోండి. లేదా దీని ఈడుది ఒకటి లోపలుంది, చూద్దాం" అంటాడు. తీరా రెండు కొత్తవి కొన్నాక, వాటిని వెనక ఇరుసుకే కడతానంటాడు. స్టీరింగ్ ముందుంటే కొత్త టైర్లు వెనకెందుకయ్యా అని వాదించనివాడు లేడు. "ముందు జారితే చేతికి తెలుస్తుంది. వెనక జారితే బండి గిర్రున తిరిగాక తెలుస్తుంది" అని, వాదన అయిపోయినట్టే జాకీ తీస్తాడు.

అందుకే లారీ డ్రైవర్లు ఆయనకి పెళ్ళిళ్ళ పేరయ్య అని పేరు పెట్టారు. సొంత పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. ఆయనకి దానిమీద కోపం లేదు సరికదా, లోలోపల కాస్త గర్వం కూడా. షాపు వెనక గోడకి ఇనప అరల మీద ఒంటరి టైర్లు వరసగా నిలబడి ఉంటాయి. ఒకదాని జోడీ మేకు గుచ్చుకుని పోయింది, ఇంకోదాని జోడీ రేకు కోసుకుని పోయింది. వాటిని ఆయన బ్రహ్మచారులు అంటాడు. అటుగా వెళ్ళినప్పుడల్లా ఏదో ఒకదాన్ని తట్టి, "వస్తుందిలే, తొందరపడకు" అని ఓదారుస్తాడు. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

ఇంటి దగ్గరా ఇదే వరస. చుట్టాల ఇంటికి వెళ్తే గుమ్మంలో ఆగిపోయి, చెల్లాచెదురుగా పడి ఉన్న చెప్పులన్నీ జతలు చేసి గానీ లోపలికి అడుగుపెట్టడు. "వాటికి మీరు సంబంధాలు కుదిర్చింది చాలు, మనుషుల మొహాలు కూడా చూడండి" అని భార్య లోపల్నుంచి పిలవాలి.

నిజానికి ఆయన మనుషుల సంబంధం కూడా ఒకటి కుదిర్చాడు. తన మరదలికి. ఆ అబ్బాయి అప్పట్లో విడిభాగాల కొట్లో పనిచేసేవాడు. బోల్టులూ నట్లూ కలగాపులగంగా ఉన్న డబ్బా ఒకటి, ఎవరూ చెప్పకుండానే, సైజుల వారీగా వేరు చేస్తుంటే చూశాడు పేరయ్య. ఇంటికొచ్చి, మామగారితో "మన చిన్నమ్మాయికి వీడే సరి" అన్నాడు. పెద్దగా విచారించుకున్నది కూడా లేదు. ఆ విధంగా కుదిరిన జంట హాయిగా ఉంది. మామగారు పోయాక షాపు ఇద్దరల్లుళ్ళ చేతికీ వచ్చింది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని ఊరంతా అనుకుంది. చిత్రంగా, కత్తులు దూసుకున్నది ఎప్పుడూ లేదు. చిన్నల్లుడు అసలు గొంతు పెంచే మనిషి కాదు. పెంచడానికి పెద్దల్లుడు సందు ఇవ్వనూ లేదు.

ఎందుకంటే మామగారు పోతూ పోతూ పేరయ్య చేతిలో ఒక తాడు పెట్టారు. నూలు పేని, మైనం పట్టించిన కొలతాడు. దానికి అక్కడక్కడా ముళ్ళు. లారీ వెనక ఇరుసుకి ఒక్కో పక్క రెండేసి టైర్లు జంటగా ఉంటాయి కదా, లోపలొకటి, బయటొకటి. ఆ రెండిటి చుట్టుకొలతా ఒక్కటి కావాలి. బొటనవేలి గోరు వెడల్పు మించి తేడా ఉందా, కొంప మునిగినట్టే. తాడు ఒకదానికి చుట్టి, గోటితో నొక్కి పట్టి, అదే రెండోదానికి చుట్టి చూడటం మామగారి పద్ధతి. ఆయన చెప్పిన నియమం ఇంకొకటుంది. కొత్త టైరుకి గాలి పట్టించిన వెంటనే కొలవకూడదు. ఒక రాత్రి నిద్ర చెయ్యనివ్వాలి. గాలికి సాగి, పొద్దుటికి అసలు సైజుకి వస్తుంది. అప్పుడు కొలిస్తేనే కొలత. ఆ మాట పేరయ్య వచ్చేపోయే డ్రైవర్లందరికీ, వాళ్ళు వద్దన్నా, చెబుతూనే ఉంటాడు.

చిన్నల్లుడి దగ్గర ఉక్కు టేపు ఉంది. చక్కగా కొలిచి, టైరు మీద సుద్దముక్కతో అంకె వేసేవాడు. వేసి పక్కకి తప్పుకుని నిలబడేవాడు. పేరయ్య జేబులోంచి తాడు తీసేవాడు, మళ్ళీ కొలిచేవాడు, ఆ అంకెని బొటనవేలితో తుడిచేసి, పక్కనే తన చేత్తో రాసేవాడు. అంకె మారేది కాదు. చేతిరాత మాత్రం మారేది. ఇన్నేళ్ళలో చిన్నల్లుడు వేసిన సుద్ద అంకె ఒక్కటి కూడా షాపు గుమ్మం దాటి రోడ్డెక్కలేదు.

నట్లు అతను బిగిస్తే ఈయన మళ్ళీ బిగించాలి. గాలి అతను చూస్తే ఈయన మళ్ళీ చూడాలి. సాయంత్రం ఇంటికొచ్చి, నడుం పట్టుకుని మంచం మీద వాలి, "భారమంతా నా ఒక్కడిమీదే" అనాలి. ఆ మాట అననిదే ఆయనకి భోజనం సయించదు.

ఒకరోజు వడ్డిస్తూ భార్య నెమ్మదిగా చెప్పింది. "చెల్లీ వాళ్ళు వెళ్ళిపోతున్నారండీ."

"ఎక్కడికి?"

"వేరే ఊరికి. అక్కడ బస్సుల డిపోలో టైర్ల సెక్షన్‌లో మరిదికి పనిచ్చారట. వచ్చే వారమే రమ్మన్నారట."

పేరయ్య ముద్ద చేతిలోనే ఉండిపోయింది. తనకి ఎందుకు చెప్పలేదని అడగబోయి, అడిగితే చులకనైపోతానని మానుకున్నాడు. "వెళ్ళమను. సర్కారు కుర్చీ, ఫ్యాను గాలి. సుఖం మరిగితే అంతే. ఇక్కడ మాత్రం ఏం చేస్తున్నాడు గనక. భారమంతా..."

"మీ ఒక్కరిమీదే. తెలుసు" అంది ఆవిడ. గిన్నె కొంచెం గట్టిగా కింద పెట్టింది. "నాకున్నది ఒక్క చెల్లెలండీ. పక్క వీధిలో ఉంది కదాని ఇన్నాళ్ళూ ధైర్యంగా ఉన్నాను. వాళ్ళు ఎందుకెళ్తున్నారో మీకు తెలియకపోతే నేను చెప్పను, మీరే కనుక్కోండి."

పేరయ్యకి ఆ పూట నిజంగానే భోజనం సయించలేదు. అతను వెళ్ళిపోతే షాపు ఎలా ఉంటుందో ఊహించబోయాడు గానీ, సుద్దముక్క పట్టుకుని పక్కకి తప్పుకుని నిలబడే మనిషి లేని షాపు ఆయన కళ్ళకి ఆనలేదు. ఆ వెలితికి ఆయన పెట్టుకున్న పేరు కోపం.

ఆ కోపంతోనే మర్నాడు షాపుకొచ్చాడు. కోడిగుడ్లు మోసే లారీ ఒకటి ముందురోజు నుంచీ జాకీ మీదే ఉంది. వెనక జంటలో లోపలి టైరు కోసుకుపోయింది. బయటిది బాగుంది. చిన్నల్లుడు బ్రహ్మచారుల్లోంచి దాని ఈడుది ఒకటి వెతికి తీసి, గాలి పట్టించి, రాత్రంతా నిద్ర చేయించి, పొద్దున్నే కొలిచి, అంకె వేసి ఉంచాడు. పక్కకి తప్పుకున్నాడు.

పేరయ్య తాడు చుట్టాడు. ఎటుచూసినా సరిగ్గానే ఉంది. ఆ సరిగ్గా ఉండటమే ఆయనకి నచ్చలేదు. మూడోసారి చుట్టి, తాడు కాస్త బిగించి లాగి, "ఇదిగో, గోరంత తక్కువ" అన్నాడు.

"తక్కువ లేదన్నయ్యా" అన్నాడు చిన్నల్లుడు.

"నాకు కళ్ళు లేవంటావా?" అంటూ దాని గాలి తీసేసి, రిమ్ము నుంచి ఊడదీయించి, తిరిగి అరమీదకి తోసేశాడు. పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. జోడీలోంచి మిగిలిపోయిన కొత్త టైరు ఒకటి దించి, రిమ్ముకెక్కించి, గాలి కొట్టి, అక్కడికక్కడే కొలిచాడు. తాడు సరిగ్గా ముడి దగ్గరకి వచ్చి నిలిచింది. "చూశావా. ఇదీ జోడీ అంటే."

చిన్నల్లుడు కొత్త టైరు మీద చెయ్యి వేసి చూశాడు. తర్వాత, తప్పదన్నట్టు, "అన్నయ్యా, అది నిద్ర చెయ్యలేదు" అన్నాడు.

"నిద్రల సంగతి నాకు నువ్వు చెబుతావా" అన్నాడు పేరయ్య.

గుడ్ల లారీ డ్రైవరు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. వచ్చినప్పుడల్లా పేరయ్య తనకి చెప్పే నీతి అదే కదా అని నోటిదాకా వచ్చింది గానీ, గుడ్లు ఎండలో ఉన్నాయి. టైరు కట్టించుకుని వెళ్ళిపోయాడు.

ఆ డ్రైవరుకి ఒక అలవాటుంది. టీ తాగడానికి ఆగిన ప్రతిచోటా ముందు లారీ చుట్టూ తిరిగి, పిల్లలకి జ్వరం చూసినట్టు, ఒక్కో టైరు మీదా అరచెయ్యి వేసి చూస్తాడు. ఆ తర్వాతే టీ. ఆ అలవాటే అతన్ని కాపాడింది. నాలుగైదు రోజులకి గుడ్లు దించి తిరిగొస్తూ, మళ్ళీ షాపు ముందు లారీ ఆపి దిగాడు. చిన్నల్లుడికి అది షాపులో ఆఖరి రోజు. మర్నాడు పొద్దున్నే బస్సు. సామాను కట్టడం అయిపోయింది. అయినా ఎప్పటిలాగే వచ్చి, చీపురు పట్టుకుని నట్లు దొర్లిన మూలలు ఊడుస్తున్నాడు. పేరయ్య పొద్దుటి నుంచీ అతనితో ఒక్క మాట మాట్లాడలేదు.

"పేరయ్యా, ఒకసారి చెయ్యి పెట్టి చూడు" అన్నాడు డ్రైవరు. "లోపలిది కాలిపోతోంది. బయటిది చల్లగా ఉంది. పక్కపక్కనే ఉన్నవి రెండూ ఇలా ఎందుకున్నాయి?"

పేరయ్య చెయ్యి పెట్టాడు, వెంటనే తీసేశాడు. లారీ జాకీ ఎక్కింది, జంట విడిపోయింది. తాడు అక్కర్లేకుండా కంటికే తెలుస్తోంది, లోపల కట్టిన కొత్త టైరు సాగి, బయటిదానికంటే పెద్దదైపోయింది. ఇంకో ట్రిప్పు తిరిగితే పేలి ఉండేది. నిద్ర చెయ్యని టైరు. షాపు మొత్తం మీద ఆ నియమం ఎవరికి తెలియకపోయినా పరవాలేదు, ఒక్క పేరయ్యకి తప్ప.

"సరే, పెద్దది కాలిందంటే అర్థముంది. బరువంతా అదే మోసింది" అన్నాడు డ్రైవరు, బయటి టైరు దొర్లించి చూస్తూ. "మరి దీనికేమొచ్చింది? బరువే మొయ్యలేదుగా ఇది. సుఖంగా ఉండాల్సింది. చూడు, ఎలా గీసుకుపోయిందో. దానికంటే ఇదే ఎక్కువ అరిగింది."

ఇలాంటి ప్రశ్నకి పేరయ్య నిద్రలో లేపినా జవాబు చెబుతాడు. నోరు దానంతటదే మొదలుపెట్టింది. "మొయ్యనివ్వకపోతే సుఖంగా ఉంటుందనుకున్నావా? ఇరుసు ఒకటే కదా. పెద్దదానితో సమానంగా ఇదీ తిరగాలి. నేల మీద సరిగ్గా కాలు ఆనదు. ఆనకపోయేసరికి ఈడ్చుకుంటూ పోతుంది. బరువు మోస్తే టైరు అరగదు, ఇలా ఈడిస్తే అరుగుతుంది. తప్పు దీనిది కాదు. పక్కనున్నది అంతా తనమీదే వేసుకుని..."

అక్కడ ఆగిపోయాడు.

చీపురు చప్పుడు కూడా ఆగింది. పేరయ్య తల తిప్పి చూడలేదు. చూడాల్సిన అవసరం లేకపోయింది. తను తుడిచేసిన సుద్ద అంకెలన్నీ ఒక్కసారిగా కళ్ళముందు కనబడ్డాయి. ఎన్నేళ్ళుగా తుడిచాడో. ఊరందరి ఇరుసులూ సరిచూసినవాడు తన పక్కనున్న మనిషిని ఏనాడైనా నేల మీద కాలు ఆననిచ్చాడా? పైగా ఆ మనిషిని ఏరికోరి తెచ్చిందీ తనే. పేరయ్యకి తల కొట్టేసినట్టయింది. సిగ్గేసింది. సిగ్గుకంటే ఎక్కువగా భయం వేసింది, రేపు పొద్దున్న బస్సుంది కదాని.

"ఏంటి, ఆగిపోయావ్?" అన్నాడు డ్రైవరు.

"ఏం లేదు. తప్పు నాదే. ఇతను సరైనది తీసి పెట్టాడు. కావాలని నేనే మార్చాను. నిద్ర చెయ్యలేదని కూడా చెప్పాడు, విన్లేదు." డ్రైవరుకి చెబుతున్నట్టే చెప్పాడు గానీ, గొంతు చీపురు ఉన్న వైపుకే వెళ్ళింది. తర్వాత లేచి అటు తిరిగాడు. "తమ్ముడూ, నువ్వు తీసింది అరమీదే ఉంది. తెచ్చి కట్టు."

చిన్నల్లుడు చీపురు గోడకి ఆనించాడు. టైరు తెచ్చి, రిమ్ముకెక్కించి, గాలి పట్టించాడు. "గాలి తీసేశాం కదా, మళ్ళీ ఒక రాత్రి ఉండాలి. బయటిది కూడా అరిగింది. రెండూ రేపు పొద్దున్న కొలిస్తే గానీ తేలదు" అన్నాడు మెల్లగా. "రేపు ఎవరు కొలుస్తారు?"

"అదే అడుగుతున్నాను" అన్నాడు పేరయ్య. "ఉండమని అడిగే మొహం నాకు లేదు. అయినా అడుగుతున్నాను. నువ్వు లేకపోతే నాకు తోచదయ్యా."

చిన్నల్లుడు సుద్దముక్క వేళ్ళ మధ్య తిప్పుతూ నిలబడ్డాడు. "మీ చేతిలో తాడు ఉంది కదన్నయ్యా" అన్నాడు. అందులో వెటకారం లేదు. ఉన్న మాటే.

పేరయ్య జేబులోంచి తాడు తీశాడు. మైనం నల్లబడి, చేతి చెమట ఇంకి, ముళ్ళు గట్టిపడిపోయిన తాడు. లారీ వెనకాల ఖాళీ గుడ్ల అట్టలు కట్ట విడి, దొంతరలు దొంతరలుగా ఒరిగిపోయి ఉన్నాయి. వాటి కట్టుతాడు దారిలోనే తెగిందట. పేరయ్య వెనకాల ఎక్కి, అట్టలన్నీ సరిగ్గా పేర్చి, తాడుతో ఈ చివరనుంచి ఆ చివరకి బిగించి కట్టి, ముడి వేసి దిగాడు.

"అయ్యో, అది నీ కొలతాడు కదా" అన్నాడు డ్రైవరు.

"ఇకనుంచి గుడ్లది" అన్నాడు పేరయ్య, చేతులు దులుపుకుని. చిన్నల్లుడి మొహం చూసే ధైర్యం చాలక, చీపురు తీసుకుని, అతను వదిలేసిన మూల ఊడవడం మొదలుపెట్టాడు.

తెల్లవారి ఇంట్లోంచి త్వరగానే బయల్దేరాడు. దారిలో పక్క వీధి మలుపు దగ్గర ఆగి, మరదలి ఇంటివైపు చూద్దామనుకుని, తాళం కనబడుతుందేమోనన్న భయంతో చూడకుండానే నడిచాడు. బస్సు బయల్దేరే వేళ అప్పటికే దాటిపోయింది. షాపు దగ్గరికి వచ్చేసరికి షట్టరు సగం ఎత్తి ఉంది. కింద నుంచి, గొంతుక్కూర్చున్న రెండు మోకాళ్ళు కనబడుతున్నాయి.

ఉక్కు టేపు సర్రున చుట్టలోకి వెళ్ళిన చప్పుడైంది. చిన్నల్లుడు రెండు టైర్ల కొలతలూ పైకి చదివాడు, తేడా గోరు వెడల్పు మించలేదు. రెండిటి మీదా సుద్దతో అంకెలు వేశాడు. వేసి, అలవాటు ప్రకారం పక్కకి తప్పుకున్నాడు. పేరయ్య చెయ్యి కూడా అలవాటు ప్రకారమే జేబులోకి వెళ్ళింది. జేబులో ఏమీ తగల్లేదు. బొటనవేలు దురద పెట్టింది. దాన్ని పిడికిట్లో బిగించి పట్టుకున్నాడు.

"మీరు చూడరా అన్నయ్యా?"

"నువ్వు చూశావు కదా. బిగించు."

గుడ్ల లారీ ఆ అంకెలతోనే రోడ్డెక్కింది. వెనక అట్టల మీద తాడు బిగువుగానే ఉంది.

సాయంత్రం పేరయ్య మంచం మీద వాలాడు. భార్య చొక్కా ఉతకడానికి వేస్తూ జేబులు తడిమింది. "మా నాన్న తాడు ఏదండీ?"

"గుడ్ల అట్టలకి కట్టాను."

ఆవిడ చొక్కా పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తండ్రి గుర్తు కదా, కోప్పడాలనే అనుకుంది. కానీ మధ్యాహ్నం చెల్లెలి ఇంటికెళ్ళి, కట్టిన పెట్టెలు ఇద్దరూ కలిసి విప్పి వచ్చింది. కోపం ఎక్కడినుంచి తెస్తుంది? నవ్వు ఆపుకుంటూ, "మరి షాపులో కొలతలు?" అంది.

"అక్కడ మనిషున్నాడుగా" అన్నాడు పేరయ్య. ఆ పూట భోజనానికి ఇంకే మాటా అక్కర్లేకపోయింది.